అందరికీ తట్టేదే అన్నాను

"లేదు" అన్న ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మేడ్చల్‌లో మందుల కంపెనీలకు మిషన్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో నేను సీనియర్ ఇంజనీర్ని. మాత్రలు చేసే మిషన్ మీద పొడి పోసే గరాటు ఉంటుంది. కాస్త తేమ తగిలితే పొడి అందులో గడ్డకట్టి కిందికి జారదు. దాన్ని జారేలా చేయాలని రెండేళ్లు తంటాలు పడ్డాను. ఆదివారాలు, ఎవరూ లేనప్పుడు. కుదిపే మోటార్లు మార్చి మార్చి పెట్టాను. ఎంత కుదిపితే అంత బిగుసుకునేది. చివరికి వదిలేశాను. ఎవరికీ తెలియనివ్వలేదు.

తర్వాత సబిత చేరింది. శామీర్‌పేట అమ్మాయి, ఇంజనీరింగ్ అప్పుడే పూర్తిచేసింది. ఒకరోజు నన్ను పిలిచి, గరాటును కుదిపే మోటారు ఊడదీసి పక్కన పెట్టింది. గరాటు మధ్యలో సన్నటి స్ప్రింగు వేలాడదీసి మిషన్ ఆన్ చేసింది. మిషన్‌కు మామూలుగా ఉండే వణుకుకే ఆ స్ప్రింగు మెల్లగా ఆడింది. పొడి నీళ్లలా జారింది. నా ఒళ్లు గగుర్పొడిచింది. అంత అందమైన పనిని మళ్లీ నేను చూడలేదు. మరుక్షణం మాత్రం, ఓస్, ఇంతేనా అనిపించింది. చూశాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మరి చూడకముందు నాకేమైంది?

పేటెంటు కోసం ఓనరు ఒక వకీలును పిలిపించాడు.

"ఇలాంటిది ఎక్కడా కనబడలేదు. కొత్తదే," అన్నాడాయన. "కానీ కొత్తదైతే చాలదు. ఈ పని తెలిసినవాళ్లకు సులువుగా తట్టేదైతే పేటెంటు రాదు. మీరేమంటారు?"

"అందరికీ తట్టేదే సార్," అన్నాను.

"ఇంతకుముందు ఎవరైనా ప్రయత్నించి ఓడిపోయారా? అలా ఉంటే మనకు మంచి ఆధారం."

సబిత నా వైపే చూస్తోంది, నమ్మకంగా.

"లేదు," అన్నాను.

"గట్లనా సార్?" అంది మెల్లగా. "నాకైతే మస్తు రోజులు పట్టింది."

అసూయా? నా ఓటమి బయటపడుతుందన్న భయమా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆ రెంటినీ విడదీయలేకపోతున్నాను.

నా మాట విని, దరఖాస్తు పెట్టకుండానే ఓనరు ఆ స్ప్రింగుతో మిషన్లు చేయించి అమ్మేశాడు. బజారులోకి వచ్చాక అది ఇక కొత్తది కాదు. చూసినవాళ్లంతా చేసుకున్నారు. సబిత ఉద్యోగం మానేసింది.

కొన్నేళ్లకు గండిమైసమ్మ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కనిపించింది. నన్ను చూసి పరుగున వచ్చింది. వరసగా ఉన్న మిషన్ల వైపు చెయ్యి చాపి, "సూడున్రి సార్, యాడ జూసినా మన స్ప్రింగే!" అంది. ఆ కళ్లలో ఎంత ఆశ్చర్యమో, ఎంత సంతోషమో. చేదన్నది లేదు. మన, అంది. అప్పుడైనా చెప్పొచ్చు. నవ్వి ఊరుకున్నాను.

అది నాకు తట్టలేదు, సబితా. రెండేళ్లు కొట్టుకున్నా తట్టలేదు. ఇది నువ్వు చదువుతావని కాదు, క్షమిస్తావనీ కాదు. నా చేత్తో రాసి చూసుకోవాలనిపించింది, అంతే. రాశాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.