ఇల్లరికపు రాజ్యం

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనొక దేశాన్ని పరిపాలించేవాణ్ణి. వారంలో మిగిలిన సమయమంతా నన్ను పరిపాలించే శ్రమ మా అత్తగారింటి వాళ్ళు తీసుకునేవారు.

తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తంలో మా మామగారిది లుంగీల టోకు వ్యాపారం. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక్కతే కూతురు. కూతురు కళ్ళ ముందే ఉండాలని పెళ్ళి మాటల్లోనే ఇల్లరికం అడిగారు. వేలూరు పక్కన సత్తువాచారిలో ముగ్గురు అన్నల మధ్య పెరిగి, ఏ మాటా చివరిదాకా చెప్పే వీలు దొరకని నాకు, ఒకళ్ళు నన్ను కావాలని అడగడమే గొప్పగా తోచింది. పెట్టె సర్దుకుని వచ్చేశాను. గోడౌనులో కంప్యూటరు చూసుకునే పని ఇచ్చారు. ఆ కంప్యూటరు నేను రాకముందూ బాగానే నడిచేది.

ఇదంతా ఇంత ధైర్యంగా రాయడానికి కారణం ఒకటుంది. ఆ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. వాళ్ళ చదువంతా తమిళంలో సాగింది. నేను చిన్నప్పుడు కొన్నేళ్ళు చిత్తూరులో అమ్మమ్మ దగ్గర ఉండి బడికి పోయాను కాబట్టి నాకు అక్షరాలు వచ్చాయి. ఈ కాగితాలు హాల్లో సోఫా మీద పరిచి వచ్చినా నాకు ప్రమాదం లేదు.

మా వాళ్ళలో ఒక మర్యాద ఉంది. అల్లుడు నోరు తెరిచి ఏదైనా అడిగితే కాదనకూడదు. కాదంటే ఇంటికే చిన్నతనం. వినడానికి ఇది అల్లుళ్ళ చేతికి బ్రహ్మాస్త్రం ఇచ్చినట్టే ఉంటుంది. కానీ మా అత్తగారింటి వాళ్ళు తరాల తరబడి వ్యాపారం చేసినవాళ్ళు. అల్లుడికి అడిగే అవసరమే రాకుండా చూసుకుంటే సరిపోతుందని వాళ్ళకు ఎప్పుడో తెలుసు. నాకు దాహం వేయకముందే నీళ్ళ చెంబు వచ్చేది. చొక్కా పాతబడకముందే కొత్త చొక్కా మంచం మీద ఉండేది. ఒకసారి ఫ్యాను శబ్దం చేస్తోందని తల పైకెత్తి చూశాను. సాయంత్రానికి కొత్త ఫ్యాను తిరుగుతోంది. ఆ తర్వాత తల ఎత్తడం కూడా తగ్గించుకున్నాను.

ఇక దేశం సంగతి. మా బామ్మర్ది ఎక్కడి నుంచో ఒక ఆట తెచ్చాడు. పాతకాలపు ఐరోపా పటం, రాజులు, కోటలు, ఒప్పందాలు. ల్యాప్‌టాప్‌ను హాల్లో టీవీకి తగిలించి ముగ్గురం వంతులవారీగా ఆడేవాళ్ళం. ఒకరి వంతు నడుస్తుంటే మిగతా ఇద్దరూ గోడ వైపు తిరిగి కూర్చోవాలని నియమం. ఆ నియమాన్ని నేనొక్కణ్ణే పాటించేవాణ్ణి.

మొదటి రోజే దేశాల పంపకం జరిగింది. నా భార్యకు అన్న అయిన మా పెద్ద బావ లెక్కలేనంత సైన్యం ఉన్న సామ్రాజ్యం తీసుకున్నాడు. బామ్మర్ది ఓడలున్న సామ్రాజ్యం తీసుకున్నాడు.

"మాప్పిళ్ళకి చిన్నదే బాగుంటాది. అలుపుండదు," అని బావ, ఇంటల్లుణ్ణి తమిళంలో పిలిచే ఆ పిలుపుతోనే, ఆ రెండింటి మధ్య ఇరుక్కున్న ఒక కొండదేశాన్ని నా చేతిలో పెట్టాడు. రెండు కోటలు, ఒక ఉప్పుగని, బోలెడు గొర్రెలు. దాని అసలు పేరు మా ముగ్గురికీ నోరు తిరగలేదు. బావ దానికి కాట్పాడి జంక్షన్ అని పేరు పెట్టాడు. మా వైపు రైళ్ళు కాట్పాడి మీదుగా పోయినట్టే, ఎవరి సైన్యం ఎటు పోవాలన్నా అందులోంచే పోవాలి మరి.

నా విదేశాంగ విధానం చాలా లోతైనదని నేను అనుకునేవాణ్ణి. బావ దారి అడిగితే ఇచ్చేవాణ్ణి. ఆ బావనే కొట్టడానికి బామ్మర్ది దారి అడిగితే అతనికీ ఇచ్చేవాణ్ణి. ఎవరు గెలిచినా ముందుగా అభినందనలు పంపేవాణ్ణి. బయటివాళ్ళు దీన్ని గోడమీద పిల్లి వాటం అంటారు. మేము రాజనీతి అంటాం. బావ నా కోటల్లో రక్షణ కోసమని తన సైన్యాన్ని పెట్టాడు. రక్షణ అంటే మన ధాన్యం వాళ్ళు తినడం. నా సైనికులు గొర్రెలు కాసుకునేవారు.

నా భార్యకు ఈ రాజనీతి మీద గౌరవం లేదు. ఆమె వేలూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. పొద్దుటి షిఫ్టు ఉన్న రోజుల్లో చీకటితోనే లేచి బస్టాండుకు పోయేది. పోయేటప్పుడు సీటు దొరికితే వచ్చేటప్పుడు దొరికేది కాదు. రోజంతా సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టి, గంటకు పైగా బస్సులో నిలబడి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చునే కునికేది. వాళ్ళమ్మ అది చూసి, "ఉద్యోగం మానేయ్ అమ్మా, నీకేం తక్కువయింది?" అనేది. నా భార్యకు ఆ ఉద్యోగం అంటే ప్రాణం. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె ముఖం వాడిపోవడం నేను చూస్తూ ఉండేవాణ్ణి. చూస్తూ ఉండటంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఆ ఏడు ఎండలు ముదిరేనాటికి ఆమె వేలూరులోనే బాగాయంలో ఒక అద్దె ఇల్లు చూసింది. ఒక పడకగది, హాలు, వంటిల్లు. అక్కడినుంచి ఆసుపత్రికి టౌను బస్సులో ఇట్టే చేరిపోవచ్చు. ఇక బస్సు ప్రయాణం నాది అవుతుంది. గోడౌనుకు రోజూ నేనే వచ్చిపోవాలి. అందుకు నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం నాకు కొత్త కాదు. ఆ ఇంటి యజమానురాలు ఆదివారం సాయంత్రం దాకా ఆగుతానని, ఆలోపు ఏ సంగతీ చెప్పకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని అంది.

"నేనడిగితే అమ్మ ఏడుస్తాది, ఉద్యోగమే వద్దంటాది. మీరడగండి. మీరడిగితే నాయన కాదనలేడు," అంది నా భార్య.

"అడుగుతాను."

"ఎప్పుడు?"

"సమయం చూసి."

"మీ సమయాలు నాకు తెలుసు. ఈ ఇల్లు పోతే నాకు ఉద్యోగమూ పోయినట్లే," అంది. ఆమె కోపంగా అనలేదు. అలసటగా అంది. అది ఇంకా బాధపెట్టింది.

ఆదివారం పొద్దున టిఫిను దగ్గర, "మామా, ఒక మాట," అన్నాను. ఆ మాట అనగానే అత్తగారు నా పళ్ళెంలో ఇంకో దోశ వేశారు. మా బావ చట్నీ గిన్నె జరిపాడు. మామగారు ఎంతో ప్రేమగా, "తినప్పా, తిని మాట్లాడుదువు," అన్నారు. తిన్నాక ఆయన స్నానానికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మటన్ కొళంబు దగ్గర మళ్ళీ గొంతు సవరించుకున్నాను. ఈసారి మామగారే ముందు మాట్లాడారు.

"అల్లుడికి గాలి చాల్లేదని మేస్త్రీని పిలిపించినాను. మాడి మీద మీకు పెద్ద రూము ఎత్తుతా ఉండాము. వచ్చే వారమే పని మొదలు," అన్నారు ఎడం చేత్తో పైకప్పు చూపిస్తూ.

నా భార్య వడ్డిస్తున్న గరిటె అలాగే ఆగిపోయింది. తర్వాత కొళంబు గిన్నె నా ముందు కాస్త గట్టిగానే పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఆ ఇంట్లో నాకు ఎవరైనా గట్టిగా ఏదైనా పెట్టడం అదే మొదలు.

తర్వాత ఆట మొదలైంది. మామగారు ఎప్పటిలా వాలుకుర్చీలో తమిళ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నా ఆలోచన ఏమిటంటే, ఈరోజు బావకు అడక్కుండానే మేలు చేసి, ఆయన మనసు కరిగాక సంగతి ఆయన చెవిలో వేద్దామని. ఆయన చెబితే మామగారు వింటారు. ఈ వ్యూహంతో నా వంతు రాగానే బావకు గొర్రెల మంద ఒకటి కానుకగా పంపాను.

మరుసటి వంతులో తెర మీద ఒక సందేశం కనిపించింది. బావా బామ్మర్దీ సంధి చేసుకున్నారు. ఉప్పుగని బావకు, కొండదారి బామ్మర్దికి. నా దేశాన్ని చెరిసగం పంచుకున్నారు, అదీ నేను మర్యాదగా గోడ వైపు చూస్తున్నప్పుడు.

"ఏం లేదు మాప్పిళ్ళా, నీకు శ్రమ తగ్గిద్దామని," అన్నాడు బావ.

"రెండు కోటలూ నీకే ఉండాయి బావా, పేరుకి నువ్వే రాజు," అన్నాడు బామ్మర్ది.

సందేశం కింద రెండు బొత్తాలున్నాయి. ఒకటి ఒప్పుకోవడానికి, ఇంకొకటి కాదనడానికి. ఎన్ని ఆదివారాలు ఆడినా ఆ రెండోది నేను సరిగ్గా చూడనే లేదు. అది కాస్త బూడిదరంగులో ఉంటే, పనిచెయ్యదేమో అనుకున్నాను. ఎందుకో ఒళ్ళు మండింది. ఉప్పుగని కోసం కాదు. నా ప్రాణానికి ఉప్పుగని ఎందుకు? నన్ను అడక్కుండా నాకు మేలు చేసేవాళ్ళ సంఖ్య ఆ రోజుకి చాలా ఎక్కువైపోయింది. రెండో బొత్తాం నొక్కాను.

యుద్ధం మొదలైంది. గొర్రెల కాపరులు ఒకవైపు, రెండు సామ్రాజ్యాలు ఇంకోవైపు. బామ్మర్ది పొట్ట పట్టుకుని నవ్వాడు. బావ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నా మొదటి కోట ఒకే దెబ్బకు పోయింది. రెండో కోట చుట్టూ బావ సైన్యం చీమల్లా మూగింది. అయినా నేను లొంగిపోలేదు. వంతు వచ్చిన ప్రతిసారీ మిగిలిన పదాతిదళాన్ని గేటు దగ్గరే నిలబెట్టాను. నవ్వులు విని నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

చివరికి బావకే విసుగొచ్చింది. "ఏం మాప్పిళ్ళా, పౌరుషం వచ్చేసినాదే! చాలు, సంధి చేసుకుందాము. నీకేం కావల్లో అడుగు, ఇచ్చేస్తా," అన్నాడు.

ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నాకేం కావాలని ఎవరైనా అడగడం అదే మొదటిసారి. పాపం, ఆయన కూడా పొరపాటున అడిగాడు.

"బాగాయంలో ఇల్లు," అన్నాను.

బామ్మర్ది ఇంకా నవ్వుతూనే, "ఈ పటంలో బాగాయం యాడుండాది బావా?" అన్నాడు. నేను నవ్వలేదని గమనించి అతనూ ఆపేశాడు. పేపరు కిందికి దిగింది. మామగారు కళ్ళద్దాల మీదుగా నన్ను చూశారు.

"ఇది ఆటలో అడిగినావా అప్పా, నిజంగా అడిగినావా?"

తప్పించుకోవడానికి ఇంతకంటే చక్కని దారి నాకు జన్మలో దొరకదు. ఆటలోనే మామా అంటే అందరూ నవ్వేస్తారు, అత్తగారు కాఫీ తెస్తారు, వచ్చే వారం మేస్త్రీ వస్తాడు. నా నాలుక చివర ఆ మాట సిద్ధంగానే ఉంది. గుమ్మంలో నా భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి, అయినా తుడుచుకుంటూనే ఉంది.

"నిజంగానే మామా," అన్నాను. "ఆమె బస్సులో నిలబడి నిలబడి అలిసిపోతా ఉండాది. ఉద్యోగం మాననీయను. మేము బాగాయం పోతాము. గోడౌనుకి నేను రోజూ వస్తాను."

అంత పొడుగు మాట నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

బావ లేచి నిలబడ్డాడు. "అదేంది మాప్పిళ్ళా, మాడి మీద రూము కడతా ఉండాము గదా. ఇక్కడ నీకేం తక్కువ చేసినాము?" ఆయన గొంతులో కోపం కంటే దెబ్బతిన్న బాధే ఎక్కువ వినిపించింది. మామగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు.

"అల్లుడు అడిగినాడు. అయిపోయింది," అన్నారు.

వంటింట్లో అత్తగారి ఏడుపు మొదలైంది. నేను గెలిచాను. చరిత్రలో గొర్రెల కాపరులు సామ్రాజ్యాన్ని జయించిన సందర్భాలు ఎన్ని ఉంటాయో నాకు తెలియదు. అలాంటి రాజులకు గెలిచిన రోజున సంతోషం కలిగిందో లేదో కూడా తెలియదు. నాకు మాత్రం మామగారి ముఖం చూస్తే జాలేసింది. ఆయన పేపరును నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు.

"ఎన్ని రూములుండాయి?" అన్నారు.

"పడకగది ఒకటే మామా. హాలుండాది."

"ఓహో." తర్వాత నా వైపు చూడకుండా నేల చూస్తూ అడిగారు. "బిడ్డని చూడల్లని మేమొస్తాము గదప్పా. పొద్దుపోతే మాకు పడకెక్కడ?"

ఊళ్ళో పదిమందికి తీర్పు చెప్పే మనిషి. అల్లుడి దగ్గర ఏదైనా అడగాల్సి రావడం ఆయనకూ అదే మొదలు. ఎలా అడగాలో ఆయనకు తెలియడం లేదు. నాకంటే అధ్వాన్నంగా అడిగారు.

"మా రూములో పండుకోండి మామా. మేము హాల్లో పండుకుంటాము."

ఆయన తల ఊపారు. "అట్లయితే నెలకొకసారి వస్తాము."

"వారానికొకసారి," అంది వంటింట్లోంచి అత్తగారి గొంతు, ఏడుపు ఆపకుండానే.

నా భార్య కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది. బాగాయం ఇంటావిడకు ఇల్లు మేమే తీసుకుంటామని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, దగ్గర్లోనే రెండు పడకగదుల ఇల్లేదైనా ఖాళీ అయితే తప్పకుండా మాకు చెప్పమని అడిగింది.