జోళ్ళు లేని ఫొటో

ఒకామె చేత కాళ్ళకున్న జోళ్ళు విప్పించి, లేనిదానిలా కనిపించేటట్టు ఫొటో తీశాను. తీసిందీ నేనే, విప్పమన్నదీ నేనే. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

ఆవిడ నర్సీపట్నం సంతకి వెదురు బుట్టలూ కొండచీపుర్లూ తెచ్చి అమ్ముకునే మనిషి. గొలుగొండ దాటి కొండల్లోకి పోతే వాళ్ళ ఊరు. నాకు సైకిలు షాపు ఉన్న రోజుల్లో వాళ్ళ అత్తగారు మా అరుగు మీదే సరుకు దింపుకునేది. షాపు మూసేసినా ఆ కోడలు అరుగు వదల్లేదు. ఎండెక్కాక లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి, "తాతగారూ, పేపర్లో ఏటి రాసారండి ఈయాల?" అని అడిగేది. నేను చదివి వినిపించేవాణ్ణి, మధ్యమధ్యలో మంత్రుల్ని తిట్టేవాణ్ణి. నాలుగో క్లాసుతో ఆగిపోయింది నా బడి. మిగతాదంతా పంక్చర్లు వేసుకుంటూ నా అంతట నేను చదువుకున్నదే. అలాంటివాడికి తనకి తెలిసినదాని మీద గర్వం ఎక్కువ, లోకం మీద కోపం ఇంకా ఎక్కువ.

కిందటేడు మా మనవరాలు నన్ను విశాఖపట్నంలో ఒక షాపుకి తీసుకెళ్ళింది. అక్కడ ప్లాస్టిక్కన్నది ఉండదట, చేసినవాళ్ళకి న్యాయమైన ధర ఇచ్చి కొంటారట, పైగా అన్నీ స్టైలుగా ఉంటాయట. లోపల ఏసీ, నిమ్మగడ్డి వాసన. మన వెదురు బుట్టని బోర్లించి, లోపల బల్బు పెట్టి పైనుంచి వేలాడదీశారు. కొండచీపురు పిడికి రంగు గుడ్డ చుట్టి గోడకి ఆనించారు. ఊడవడానికి కాదట, అందానికట. మనవరాలు కొబ్బరి చిప్ప గిన్నెలూ వెదురు బ్రష్షులూ ఏరుకుంటోంది. నేను ఆ బుట్ట అల్లిక చూశాను. మావైపుదే.

"ఇది ఎవరు అల్లారమ్మా? ఆ మనిషికి ఏం ముట్టింది?" అని గట్టిగా అడిగాను.

మనవరాలు నా చొక్కా పట్టుకు లాగింది. "తాతయ్యా, ఇది షాపు. సంతలో అరిచినట్టు అరవకు."

షాపు నడిపే అమ్మాయి ఏమీ నొచ్చుకోలేదు. "అడగాల్సిందే అంకుల్. ఇప్పుడైతే ఒక ఏజెంటు తెస్తున్నాడు. అల్లేవాళ్ళు మీకు తెలిస్తే నేరుగా వాళ్ళ దగ్గరే కొంటాను. వాళ్ళ ఫొటో కూడా పెడతాను, ఎవరు చేశారో కొనేవాళ్ళకి తెలియాలి కదా" అంది.

ఉబ్బిపోయాను. ఇన్నాళ్ళు దళారీల్ని తిట్టిన నోటికి ఒక పని దొరికిందనుకున్నాను.

తరవాతి సంతలో ఆవిడతో అన్నీ మాట్లాడాను. సరేనంది. పెద్ద బుట్ట ఒకటి ఒళ్ళో పెట్టుకుని అరుగు ముందు కూర్చుంది. ఫోన్లోంచి చూశాను. మనిషి, బుట్ట, కింద ఆకుపచ్చ పట్టీల కొత్త జోళ్ళు. కళ్ళు ముందు వాటి మీదకే పోతున్నాయి.

"మా పాపకి ఇసాపట్నం ఆస్పత్రిలో నర్సు ఉజ్జోగం వొచ్చింది కదండి, మొదటి జీతంతో నాకే కొన్నాది" అంది, నేను చూడడం చూసి.

"బాగున్నాయమ్మా. కాస్త పక్కన విప్పు."

"బాగుంటే ఎందుకండీ ఇప్పడం?"

"అక్కడివాళ్ళు నమ్మాలి కదా."

"ఏటి నమ్మాలి?"

"కొండమీంచి వచ్చావని."

"జోళ్ళేసుకుంటే కొండ దిగిపోతాదేటండీ?" అని నవ్వింది. నవ్వుతూనే విప్పింది. పెద్దవాణ్ణి అడిగాను కదా, కాదనలేకపోయింది. "బేగి తీసీండి తాతగారూ, కాళ్ళు కాలిపోతన్నాయి" అంది. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది.

బుట్టలు బస్సులో విశాఖపట్నం వెళ్ళడం మొదలైంది. షాపు అమ్మాయి ధర బాగానే ఇచ్చింది, అందులో వంక పెట్టడానికి లేదు. ఫొటోని గోడంత చేయించి షాపులో పెట్టింది, ప్రతి బుట్టకీ కట్టే అట్టముక్క మీదా వేయించింది. నేను సంతలో అందరికీ చెప్పుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక సంతరోజు ఆవిడ అరుగు మీద సరుకు దింపలేదు. వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మా పాప ఆ షాపుకెల్లిందండి. కూడా పనిచేసే పిల్లలకి 'మా అమ్మ బుట్టలు' అని సూపించడానికి తీసుకెల్లింది. గోడ మీద నాను ఒట్టి కాళ్ళతో ఉన్నాను. ఆ పిల్లలు దాని మొకం సూసారట. అమ్మకి జోళ్ళు కొన్నానని అంతకుముందే వోళ్ళకి గొప్పగా సెప్పుకుంది."

నేనేదో అనబోయాను.

"ఉండండి. రాత్రి ఫోను సేసి, 'అమ్మా, నాను కొన్నవి అమ్మేసావా?' అని అడిగింది. ఏడిసింది. దానికి ఏటి అనమంటారు?"

"ఫొటోకి బాగుంటుందని..."

"ఎవులికండీ బాగుంటాది?"

ఆవిడ బుట్టలెత్తుకుని రోడ్డుకి అవతలి పక్కకి పోయి, మందుల షాపు ముందు కూర్చుంది. తరవాతి సంతలకీ అక్కడే. విశాఖపట్నం షాపుకి బుట్టలు వెళ్ళడం ఆగిపోయింది. నేను అటు చూస్తే కొనడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నట్టు తల తిప్పుకునేది.

ఆ ఫొటో గోడ మీంచి తీసేయించాలని విశాఖపట్నం బస్సెక్కాను. మాకవరపాలెం దాటేదాకా షాపు అమ్మాయిని ఎలా కడిగెయ్యాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. నిజానికి నేనెప్పుడూ మరిచిపోలేదు, అరవై ఏళ్ళుగా చర్చిలో, షాపులో, దొరికిన ప్రతివాడికీ చెబుతూనే ఉన్నాను. మిషను హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మ క్రిస్మస్‌కి నాకు చారల చొక్కా కుట్టించింది. మిషను నడిపే దొరసానమ్మ కెమెరా పట్టుకుని మమ్మల్ని వరసగా నిలబెట్టి, మాస్టారితో ఏదో అంది. మాస్టారు వచ్చి, "ఒరే, ఇది విప్పి పాతది తొడుక్కో. ఇంత కొత్తది చూస్తే వాళ్ళ దేశంలో చందాలిచ్చేవాళ్ళు నమ్మరు" అన్నారు. చిరిగిన చొక్కాతో ఫొటోకి నిలబడ్డాను. ఎంత అన్యాయమో చూడండి అని చెప్పని చోటు లేదు. నమ్మరు అన్న ఆ మాటే నా నోటమ్మట వచ్చింది, ఎండలో కూర్చున్న మనిషితో. అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు కూడా. మిగతా దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పక్కనున్నాయన "ఒంట్లో బాలేదేటండీ?" అని అడిగాడు.

అయినా షాపులో అడుగుపెట్టగానే గొంతు లేచింది. అలవాటు. "ముందా ఫొటో తీసెయ్యండి!"

"అంకుల్, అందరూ దాని ముందే ఆగుతున్నారు. ఆ కాళ్ళు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు."

"ఆవిడ కాళ్ళతో మీకేం పని? బుట్ట బాగుంటే కొనండి, లేకపోతే మానండి!"

"ఫొటో మీరు పంపిందే కదా అంకుల్."

షాపులో కొనుక్కునేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. అందరూ నావైపే చూస్తున్నారు.

"ఆవిడకి జోళ్ళున్నాయమ్మా. మంచివి. నేనే విప్పించాను."

ఆ అమ్మాయి గోడ మీది ఫొటోవైపు తిరిగింది. తరవాత, "అంటే ఇన్నాళ్ళూ నేను అబద్ధం పెట్టి అమ్మానన్నమాట" అంది. స్టూలు తెచ్చి తనే ఎక్కి దాన్ని దింపింది. అట్టముక్కలు కూడా తీయించేస్తానంది. నన్ను కూర్చోమని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి ఆవిడకి ఫోను చేస్తే ఎత్తలేదు. మెసేజీ మాట్లాడి పంపాను. తప్పు నాదేనమ్మా, ఫొటో తీసేశారు, నీ జోళ్ళతో కొత్తది తీద్దాం, మళ్ళీ అరుగు మీదకి రా అన్నాను. విన్నట్టు ఫోన్లో గుర్తు పడింది. జవాబు రాలేదు. ఒక సంత గడిచింది, ఇంకోటి గడిచింది. ఆ తరవాత ఒక పొద్దున్న, టీ తాగుతుండగా, ఆవిడ గొంతుతో మెసేజీ వచ్చింది.

"తాతగారూ, ఫొటో తీసేసారన్నారని మా పాప ఎల్లి సూసొచ్చిందండి. మంచి పని సేసారు. కొత్త ఫొటో వొద్దండి. బుట్టలు ఇస్తాను, ఇవ్వనని అనడం లేదు. షాపామె నంబరు మా పాప తెచ్చింది, మేవే మాటాడుకుంటాం. మీరింక ఆ పన్లోకి రాకండి."