పెద్దాయనకు నేను నేర్పిన ఈత

మైకు ముందు నిలబడ్డ మనిషికి అన్నీ తెలిసే ఉంటాయని నేను నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. మందమర్రి బొగ్గుబావిలో పనిచేసే మా బాపు "నా బిడ్డ లెక్చరర్" అని కాలనీ అంతా చెప్పుకొని తిరుగుతుంటే, నేను మంథని వైపు ఒక చిన్న ఊళ్లో, ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఏడాది ఒప్పందం మీద తెలుగు చెబుతుండేదాన్ని. ఆ కాలేజీకి ఒకప్పటి ఊరి పెద్దమనిషి పేరు పెట్టారు. పక్కనున్న పార్కుకూ, బస్టాపుకూ ఆయన పేరే. (పేరు పొడుగని జనం దాన్ని మూడు ఇంగ్లీషు అక్షరాలకు కుదించేశారు. ఆ అక్షరాల వెనక ఒక మనిషి ఉన్నాడన్న సంగతి దాదాపు మరిచిపోయారు.)

ఒక సోమవారం ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. ఏ పనైనా నిన్ననే అయిపోయి ఉండాల్సిందన్నట్టు తొందరపెట్టేవారు కాబట్టి పిల్లలు ఆయన్ని జల్దీ సార్ అనేవారు. "ఎల్లుండి పెద్దాయన బిడ్డ వస్తుంది. కాలేజీ జాగ వాళ్లదే. లీజు కాయితం మీద ఆమె సంతకం గావాలె. నువ్వు పెద్దాయన గురించి పది నిమిషాలు మాట్లాడు. ఆమె కండ్లల్ల నీళ్లు రావాలె."

"ఆయన ఏం చేసిన్రు సార్?"

"మహానుభావుడు."

"అంటే, ఏం చేసి మహానుభావుడయిన్రు?"

"గదే నువ్వు చెప్పాలె. జల్దీ రాసుకో."

కాలేజీ బీరువాలో దొరికిన పాత సంచికను చెదలు తినగా, విత్తనాల దుకాణం ప్రకటన ఒక్కటే మిగిలింది. పార్కులో విగ్రహం కింద పలక మీద పార్కును ప్రారంభించిన నాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంది, పెద్దాయన గురించి ఒక్క ముక్క లేదు. ఆ విగ్రహానికి ఏటా రంగు వేసే పెయింటర్ "మీసం పెద్దగుండాలె అని చెప్పిన్రు మేడం, నాకు గంతే తెలుసు" అన్నాడు. చాయ్ హోటలాయన "పహిల్వాన్ గదా" అని నన్నే అడిగాడు. రోజుకు వందసార్లు ఆ పేరు పలికే ఊళ్లో ఆ మనిషి సంగతి చెప్పేవాడు ఒక్కడూ లేకపోయేసరికి విసుగుతో ఏడుపొచ్చింది. చివరికి మా వాచ్‌మన్ తాత బీడీ ఆర్పి, "గాయన గోదారి ఈదిండు బిడ్డా. నిండు గోదారి" అన్నాడు.

"ఎందుకు ఈదిండు తాతా?"

"అవుతలి ఒడ్డుకు పోనీకి."

ఆ ఒక్క మాట పట్టుకొని కూర్చున్నాను. వానాకాలం పెట్టాను, సుడిగుండాలు పెట్టాను. అవతలి ఒడ్డున ఉద్యమంలో ఉన్నవాళ్లకు చేరాల్సిన రహస్య ఉత్తరాన్ని ఆయన పళ్ల మధ్య పెట్టాను. (ఉత్తరం తడవలేదా అని మీరడగకండి, ఆ రోజు సభలో ఎవరూ అడగలేదు.) చప్పట్లు మోగాయి. జల్దీ సార్ జేబురుమాలుతో కళ్లు ఒత్తుకున్నారు.

తర్వాత పెద్దాయన బిడ్డ మైకు అందుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. "పంతులమ్మ మంచిగ చెప్పింది. గని మా బాపుకు ఈత రాదు. నీళ్లంటే భయం. పడవ ఎక్కితే మా అవ్వ చెయ్యి ఇడువకపోయేటోడు" అన్నారు. "బాపు చేసింది ఒక్కటే. పొద్దుగూకినంక అరుగు మీద కూసోని, బీడీలు చేసే ఆడోళ్లకు సదువు నేర్పిండు. ఏం రాసి ఉన్నదో సదువకుండ ఏ కాయితం మీద ఏలుముద్ర ఎయ్యద్దని చెప్పిండు. గంతే."

ఆ తర్వాత లీజు కాయితం తెప్పించుకొని మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టారు. ముప్పావుగంట. జల్దీ సార్ ఆ ముప్పావుగంటలో పదేళ్లు పెద్దవారయ్యారు. ఆమె రెండు వాక్యాలు కొట్టేయించి సంతకం చేశారు. వెళ్తూ నన్ను దగ్గరికి పిలిచారు.

"ఎవలెవలిని అడిగినవు బిడ్డా?"

పెయింటర్ నుంచి వాచ్‌మన్ దాకా అందరినీ చెప్పాను.

"నన్నొక్కదాన్ని అడుగకపోతివి."

ఆమె ఫోన్ నంబరు ఆ రెండు రోజులూ ప్రిన్సిపాల్ బల్ల మీదే ఉంది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా ఉద్యోగం పోలేదు. ఏళ్లు గడిచాయి, ఇదంతా మరిచిపోయాను కూడా. కిందటేడు చుట్టాల పెళ్లికి ఆ ఊరు వెళ్తే పార్కు కొత్తగా మెరుస్తోంది. విగ్రహం కింద నల్లరాతి పలక. "నిండు గోదావరిని ఈది, ఉద్యమానికి లేఖను అందించిన ధీరుడు." నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయి, అది అబద్ధం, తీసేయండి అన్నాను.

"ఆధారం లేకుండ రాయం మేడం" అంటూ గుమాస్తా కాలేజీ సంచిక తీసి చూపించాడు. జల్దీ సార్ ఆ రోజే తొందరపడి అచ్చుకు పంపినట్టున్నారు, నా ఉపన్యాసం ఒక్క అక్షరం పొల్లుపోకుండా అచ్చయి ఉంది, పైన నా ఫొటో.

"ఇది నేను అల్లిన కథ. ఈ ఫొటోల ఉన్నది నేనే."

అతను ఫొటోను చూశాడు, నన్ను చూశాడు. "గామె వేరే మేడం" అన్నాడు.

తప్పు దిద్దమని అర్జీ రాసిచ్చి వచ్చాను. జవాబు ఇంకా రాలేదు. ఆ ఫొటోను మాత్రం సెల్లులో తీసి తెచ్చుకున్నాను. మైకు ముందు చూపుడువేలెత్తి, గడ్డం పైకి పెట్టి, చెప్పే ప్రతి మాటనూ తానే నమ్ముతూ నిలబడ్డ పిల్ల. చూసినప్పుడల్లా తిడదామనుకుంటాను, ఎంతసేపు చూసినా కోపం రాదు. గుమాస్తా అన్నది నిజమే, ఆమె వేరే.