బోణీకి ముందు ఏడుపు

మాది వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పొద్దున షటరు తీశాక మొదటి బేరం అయ్యేదాకా ఇంట్లోంచి ఏడుపు గానీ అరుపు గానీ వినపడకూడదు. మా నాన్న కాలం నుంచీ అంతే. నాకేమో ముక్కు మీద కోపం. ఆ కాసేపు నోరు కట్టేసుకోవడానికి నేను పడే అవస్థ చూసి మా ఆవిడ నవ్వుకునేది.

ఈ పట్టింపులోని లొసుగును అందరికంటే ముందు కనిపెట్టింది మా నాలుగేళ్ల కూతురు. బ్రష్షు కనపడగానే మెట్ల మీదికి పరుగెత్తి, దుకాణం వైపు మొహం పెట్టి గొంతు విప్పేది. వెంటనే మా అమ్మ బిస్కెట్టు పట్టుకొని వచ్చేది.

"బోణీ గాకముందు పొల్లను ఏడిపియ్యకురా. పాలపండ్లే గదా, ఎట్లయినా ఊడిపోయేటియే," అనేది.

ఆ మాట నాకూ హాయిగానే ఉండేది. బోణీ అయ్యాక తోముదాంలే అనుకునేవాణ్ని. బోణీ అయ్యేసరికి బేరాలు, బేరాల మధ్యలో బడి ఆటో హారను. అలా ఎన్ని నెలలు గడిపానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒకరోజు పిల్ల అన్నం తింటూ తింటూ చెంప పట్టుకొని కూర్చుంది. ఏడవలేదు. చీటికీ మాటికీ ఏడ్చే పిల్ల అలా ఊరుకోవడం చూసి చేతిలో పని వదిలేసి లేచాను. ఆటో ఎక్కించి హనుమకొండలో పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ దాని నోట్లో లైటు వేసి, నన్ను దగ్గరికి పిలిచి చూపించింది. వెనకాల రెండు పళ్లు నల్లగా పుచ్చి ఉన్నాయి.

"ఇప్పటికైతే సాఫ్ చేసి నింపుతా. ఇట్లనే వదిలేస్తే తీసుడే. బఠాణీ గింజంత పేస్టుతోని రోజుకు రెండుసార్లు మీరే తోమాలె సార్, పాప చేతికిచ్చి ఊకుంటే కాదు. పాలపండ్లయితే నొప్పి పుట్టదనుకున్నరా?"



మర్నాటి నుంచి బోణీ పట్టింపు పక్కన పెట్టేశాను. తప్పు నాది, కోపం మాత్రం పిల్ల మీద. గోడకు ఆనించి, దవడ పట్టుకొని, "నోరు తెరుస్తవా, తెరువవా?" అని గద్దించి తోమాను. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. బోణీకేమీ లోటు రాలేదు గానీ మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాలుగో రోజుకల్లా నేను స్నానాల గది వైపు నడిస్తే చాలు, చిన్నది మంచం కిందికి దూరేది. రోజూ నా వీపెక్కి తిరిగే పిల్ల నన్ను చూసి దాక్కుంటోంది. పళ్లు కాపాడబోయి బిడ్డను దూరం చేసుకుంటున్నానని భయమేసింది.

ఆ ఆదివారం దుకాణం తీయలేదు. మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"బయటికి రా బిడ్డా. ఇయ్యాల నువ్వే నాకు తోము," అని నా బ్రష్షు మంచం కిందికి చాపాను.

చాలాసేపటికి ఒక చెయ్యి వచ్చింది. ఆ వెనక తల వచ్చింది.

"గట్టిగ తోముత మరి," అంది.

"తోము."

నా దవడ పట్టుకుంది. అచ్చం నేను పట్టుకున్నట్టే, బొటనవేలు చెంపలోకి దిగేలా. కనుబొమలు ముడిచి, "నోరు తెరుస్తవా, తెరువవా?" అంది. ఈ మొహమా రోజూ పొద్దున్నే నేను దానికి చూపిస్తున్నది! నోరు తెరిచాను. బ్రష్షు చిగుళ్లకు గుచ్చుకుని నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది ఆగిపోయింది. పట్టు వదిలింది. గౌను అంచుతో నా కళ్లు తుడిచి, "ఏడువకు డాడీ, అయిపాయె. ఇంకొక్క పన్నే. జర మెల్లగ తోముత," అంది.

అన్ని రోజుల్లో ఆ మాట నేను దానికి ఒక్కసారీ చెప్పలేదు.

పని ముగించి, తన బ్రష్షు తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. నా ఎదురుగా కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకొని, నోరు తెరిచింది. భయం పోలేదని ఆ మూసిన కళ్లే చెబుతున్నాయి. అయినా తెరిచింది. అంత మెల్లగా నేను జన్మలో ఏ పనీ చేసి ఎరుగను.