వెండెల్ వాళ్ల ఆర్డిస్

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ఏ కాసినోకు చర్చివాళ్ల బస్సు బయలుదేరినా ముందు సీట్లో ఆర్డిస్ ఉంటుంది, ఒళ్లో అందరికీ పంచే గుమ్మడికాయ కేకు డబ్బాతో. జూదపు యంత్రం ముందు కూర్చోగానే స్వెట్టరు చేతులు పైకి లాక్కుని, మెడలోని తాడుకు వేలాడే, కాసినోవాళ్లు ఆటగాళ్లకు పేరేసి ఇచ్చే కార్డును అందులో మెల్లగా దూరుస్తుంది. చిన్న తెరమీద 'స్వాగతం, వెండెల్' అని వెలుగుతుంది. వెండెల్ ఆమె భర్త, పోయి రెండేళ్లయింది. ఆ పలకరింపు కోసమే, ఆయన ఒక్కో కాసినోలో తీసుకున్న కార్డులన్నీ పట్టుకుని ఆమె రాష్ట్రమంతా తిరుగుతోంది. మొన్న ఒకచోట కార్డు పనిచేయలేదు. కౌంటరులోని అమ్మాయి, "ఆయన్ని రమ్మనండి పెద్దమ్మా, కొత్తది ఇచ్చేస్తా" అంది.

"రాలేడమ్మా. చనిపోయాడు."

"అయ్యో! పోయినవాళ్ల పేరున ఇవ్వకూడదు పెద్దమ్మా."

ఆర్డిస్ వేళ్లు పాత కార్డును వదల్లేదు. అమ్మాయి ఆ వేళ్లకేసి కాసేపు చూసింది. "మీ పేరున ఇస్తా. తెరమీద ఎలా పిలవాలో మాత్రం మీ ఇష్టం. చెప్పండి."

కొత్త కార్డు దూర్చగానే 'స్వాగతం, వెండెల్ వాళ్ల ఆర్డిస్' అని వెలిగింది. ఆమె మీట నొక్కకుండా కళ్లు మూసుకుంది.

"ఏమే, ఆడతావా, ప్రార్థన చేస్తావా?" అంది పక్కసీట్లోని స్నేహితురాలు మార్లిస్.

"కాస్త ఆగవే, ఆ కౌంటరు పిల్ల పేరు దేవుడికి చెప్పుకుంటున్నా."