గుర్రప్ప పారేసిన క్యారియర్లు

మా తమ్ముడు గుర్రప్ప అంచెట్టిలో అందరికంటే తెలివైనవాడు. ఈ మాట వాడే చెబుతాడు. ఊళ్లో ఆవులకు మందు పోసేదీ, మనుషులకు సలహాలు పోసేదీ వాడే. వాడి కూతురు చిత్రను నా కొడుకు మునిరాజ్‌కు చేసుకోవాలనుకున్నాం. పిల్లలిద్దరూ హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోతారు.

పెళ్లికి ముందు ఊళ్లో రక్తపరీక్ష క్యాంపు పెట్టారు. నర్సమ్మ కాగితం చూసి, "ఇద్దరూ క్యారియర్లే. ఈ పెళ్లి వద్దు. బిడ్డలకు సికిల్ సెల్ జబ్బు రావచ్చు" అంది.

గుర్రప్ప ఆ సాయంత్రమే పిల్లలిద్దరూ అన్నం తీసుకుపోయే స్టీలు క్యారియర్లను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. మర్నాడు రెండు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి నర్సమ్మ ముందు పెట్టాడు.

"ఇంక యాడా క్యారియర్ లేదమ్మా. పెళ్లి చేసుకోవచ్చని రాసియ్యి."

నర్సమ్మ నవ్వు ఆపుకుని వాణ్ణి కూర్చోబెట్టింది.

"క్యారియర్ ఉండేది రక్తంలోనప్పా. ఒకప్పుడు ఈ కొండల్లో మలేరియా చలిజ్వరానికి జనం చచ్చిపోతా ఉంటే, ఇట్లాంటి రక్తం ఉన్నోళ్లు తట్టుకున్నారు. మీ పెద్దోళ్లు అట్ల మిగిలినోళ్లే. ఆ గుణం అమ్మ నుంచీ నాయన నుంచీ రెండుపక్కలా వస్తేనే బిడ్డకు జబ్బు."

గుర్రప్ప రొమ్ము విరుచుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, చిత్రను నీ ఇంటికి ఇయ్యలేను."

"ఏంరా, నా కొడుకు యాడ తక్కువైనాడు?"

"తక్కువ కాలేదక్కా. మరీ ఎక్కువ మనవాడైపోయినాడు."

పుట్టినప్పటి నుంచి వాడు బుద్ధిగా మాట్లాడింది అదొక్కటే. పెళ్లి మానుకున్నాం.