కట్టని వేపమండ

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఈ రోజు దాన్ని మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. జాలి పడమని మాత్రం అడగను.

తాడేపల్లిగూడెంలో మాది బట్టల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. పట్టుచీరలు మాత్రం పైన మా హాల్లోనే పరిచి చూపిస్తాం. ఆ ఏడు పెళ్లిళ్ల సీజన్ జోరుగా ఉండగా మా పాపకు ఆటలమ్మ పోసింది. ఎవరింట్లో పోసినా గుమ్మానికి వేపమండలు కడతారు. అవి కనబడితే బయటివాళ్లు గడప దాటరు. నేను కట్టలేదు. కడితే చీరలు చూడ్డానికి ఎవరొస్తారు? పాపను లోపలి గదిలో పడుకోబెట్టి పరదా లాగాను.

పద్మ మా చీరలకు ఫాల్స్ కుట్టేది. అప్పుడు తనకు ఏడో నెల. ఆ వారమంతా మా హాల్లోనే కూర్చుని కుట్టింది.

“పాప కనబడట్లేదేంటండీ?” అని అడిగింది.

“అత్తిలి పంపించానమ్మా, అమ్మమ్మగారింటికి” అన్నాను.

లోపల పాప మూలిగితే టీవీ సౌండు పెంచాను. ఇది గాలిలో కూడా అంటుకుంటుందని, పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా ఎవరినీ రానివ్వద్దని డాక్టరుగారు చెప్పే పంపారు. మరి తెలియక చేశానని ఎలా అనను? పద్మకు చిన్నప్పుడే వచ్చేసి ఉంటుందిలే అనుకున్నాను. అడిగానా? అడగలేదు. అడిగితే రాలేదండీ అంటుందేమోనని, అంటే తనను పంపించేయాలని, పంపిస్తే కారణం చెప్పాలని అంత దూరం ఆలోచించిన బుర్ర, ఆ కడుపులో బిడ్డ దాకా మాత్రం వెళ్లలేదు.

రెండు వారాలు దాటాక పద్మకు ఒళ్లంతా పోసింది. ఊపిరితిత్తులకూ పాకింది. ఏలూరు ఆస్పత్రిలో తను బతికింది. బిడ్డ దక్కలేదు.

కొల్లేటికోట అమ్మవారికి మొక్కిన చీర పెట్టడం ఆలస్యం చేశానని, అందుకే ఆ తల్లికి కోపం వచ్చిందని పద్మ నమ్మింది. నేను కాదనలేదు. అప్పటినుంచి ఏటా జాతరకు చీర పెడుతోంది. ఆ చీర మా కొట్లోనే కొంటుంది.

మొన్న మళ్లీ వచ్చింది. చెప్పేస్తానంటే మా ఆయన, మానిన పుండు కెలకడం ఎందుకన్నారు. మానింది మనకే, తనకు కాదన్నాను. పైకి పిలిచి, తను చీర ఎంచుకునేలోపే మొత్తం చెప్పాను. పద్మ తిట్టలేదు. పరదా వైపు తిరిగింది.

“పాప అక్కడే ఉందా అండీ?” అంది.

అక్కడే ఉందన్నాను.

చూసిన ప్రతి చీరా మడతపెట్టి వెళ్లడం తన అలవాటు. ఆ రోజు ఒడిలో చీర అలాగే వదిలేసి మెట్లు దిగిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. క్షమించమని వెంటపడను. ఎవరడిగినా ఇకమీదట ఇదే చెబుతాను, ముందు మా పాపకు చెబుతాను. ఆ చీర ఇంకా హాల్లోనే పడి ఉంది. ఈ ఏడు పద్మ అమ్మవారికి చీర పెట్టక్కర్లేదు. ఆ సంగతి ఇప్పుడు తనకు తెలుసు.